కోనసముద్రం కొలిమి చల్లారిన కథ

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండో ఆటలో సముద్ర వ్యాపారం పెట్టుకోవడం పెద్ద పనేమీ కాదు. ఒడ్డున రేవు కట్టాలి, కొంత కలప, కొంత బంగారం ఇచ్చి వర్తక నావ చేయించాలి, దాన్ని దూరాన ఉన్న ఇంకొకరి రేవుకు పంపాలి. ఆ తర్వాత అది తనంతట తానే పోతుంది, వస్తుంది. వచ్చినప్పుడల్లా బంగారం దించుతుంది. రెండు రేవుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే లాభం అంత ఎక్కువ. 2022లో ఈ ఆటకు ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అని కొత్త భాగం వచ్చింది. అందులో దక్షిణాది వాళ్లను ద్రావిడులన్న పేరుతో చేర్చారు. వాళ్లకు మాత్రమే దక్కే విద్యల్లో ఒకటి ‘వూట్జ్ స్టీల్’. ఆ విద్య చేతికొచ్చాక వాళ్ల సైనికుడి దెబ్బకు ఎదుటివాడి కవచం అడ్డం రాదు.

ఆ ఉక్కు పుట్టిన చోట్లలో ఒకటి మన నిర్మల్ పక్కనే ఉంది. మైసూరు సీమలో, సేలంలో, సింహళంలో కూడా ఇలాంటి ఉక్కు చేశారు, కాదనను. కానీ ఇరాన్ వర్తకుడు పేరు పెట్టి వెతుక్కుంటూ వచ్చిన ఊళ్లలో కోనసముద్రం ఒకటి. నిర్మల్‌కు తూర్పున మామడ మండలంలో దిమ్మదుర్తి గుట్టలున్నాయి. గోదావరి దాటి దక్షిణానికి పోతే కమ్మర్‌పల్లి దిక్కున కోనసముద్రం. గుట్టల రాయి ఇక్కడిది, కొలిమి అక్కడిది. ఆ రెండూ కలిసి చేసిన ఉక్కు ముద్ద సముద్రం దాటి ఇస్ఫహాన్‌లో కత్తి అయ్యింది. ఆటలో ఓడ మునిగితే ఇంకో ఓడ చేయించుకోవచ్చు. ఇక్కడ దారికి దారే పోయింది. ఆ సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలిసింది, దారికి ఈ కొసన తిత్తులూదుతూ కూచున్న కమ్మరికే.

సముద్రపు దారి పడాలంటే రేవు ఒక్కటే చాలదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. అంతకుముందు రాజులు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్లు. గణపతిదేవుడు ఆ ఆనవాయితీ ఎత్తేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, కట్టిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాతి మీద చెక్కించాడు. ఎక్కడి వర్తకుడికైనా ముందు కావలసింది ఆ మాట. రుద్రమదేవి నాటి ఈ తీరం గురించి మార్కో పోలో కూడా రాశాడు. మెట్ట దేశంలో పండినదైనా, కరిగినదైనా బయటి లోకం ముఖం చూడాలంటే తూర్పు తీరమే వాకిలి అని ఆనాటికే తేలిపోయింది.

కాకతీయులు పోయారు. ఆ వాకిలి మోటుపల్లి నుంచి మచిలీపట్నానికి మారింది. గోలకొండ కుతుబ్‌షాహీల కాలానికి బంగాళాఖాతంలో అంత మంచి రేవు మరొకటి లేదని, పెగూకు, సయాంకు, సుమత్రాకు, మక్కాకు, హొర్ముజ్‌కు ఓడలు అక్కడి నుంచే బయలుదేరతాయని ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే రాసిపెట్టాడు. డచ్చివాళ్లు, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కొట్లు తెరిచారు. వాళ్లందరికన్నా ముందు నుంచి అక్కడ పాతుకుపోయినవాళ్లు ఇరానీలు. గోలకొండ సుల్తాన్లదీ ఇరాన్ షాలదీ ఒకే మతశాఖ కాబట్టి రాకపోకలకు చుట్టరికం తోడైంది. ఇస్ఫహాన్ దిక్కున అర్దిస్తాన్‌లో పుట్టిన మీర్ జుమ్లా వజ్రాల వర్తకంతో గోలకొండ చేరి, మచిలీపట్నం అధికారిగా, చివరికి రాజ్యంలో పెద్ద మంత్రిగా ఎదిగాడు. సొంత ఓడలు నడిపాడు. గోలకొండ అంటే లోకానికి వజ్రాలే గుర్తు. కానీ అదే తవెర్నియే ఉక్కు గురించి కూడా చెప్పాడు: నీటి చారలు తేలే కత్తికి పనికొచ్చే ఉక్కు గోలకొండ రాజ్యం నుంచే వస్తుందని, చిన్న రొట్టె అంత ముద్దలుగా అమ్ముతారని, ఒక ముద్దను రెండు చేస్తే రెండు కత్తులవుతాయని. 1667లో ఔరంగాబాదు మీదుగా గోలకొండకు పోతూ తెవెనో అనే ఇంకో ఫ్రెంచి యాత్రికుడు మన ఇందల్వాయిలో ఆగాడు. అక్కడ కత్తులు, బాకులు, బల్లేలు తయారై దేశమంతా అమ్ముడుపోతున్నాయని రాసుకున్నాడు.

ఆ ముద్ద ఎట్లా తయారయ్యేదో కొంచెం దగ్గరికి పోయి చూడాలి. దిమ్మదుర్తి రాయిలో అయస్కాంతానికి అంటుకునే నల్లటి గింజలుంటాయి. రాయిని దంచి, నీళ్లలో గాలించి, తేలికైన మట్టిని వదిలేసి, అడుగున నిలిచిన బరువైన నల్ల ఇసుకను పోగుచేసేవాళ్లు. దాన్ని బొగ్గులతో చిన్న కొలిమిలో కరిగిస్తే ఇనుము వస్తుంది. అంతవరకు పని ఊరూరా జరిగేదే. అసలు విద్య కోనసముద్రంలో మొదలయ్యేది. అక్కడి కమ్మర్లు ఒక్క ఇనుముతో ఉక్కు చేయలేదు. మెట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు కలిపేవాళ్లు. రెండింటి గుణం వేరు, ఖనిజమే వేరు. ఒకదాని లోటు ఇంకొకటి తీర్చాలి.

మూసలు కూడా వాళ్లే చేసుకునేవాళ్లు. మంటకు పగలని మట్టిలో వడ్ల ఊక కలిపి పిసికి, చేతికి సరిపోయేంత మూసగా తీర్చి ఆరబెట్టేవాళ్లు. అందులో ఇనుప ముక్కలు నింపి, పైన చిటికెడు గాజు పెంకు వేసి, మూతి మట్టితో మూసేవాళ్లు. గాజు కరిగి లోహం మీద పొరలా పరుచుకుని గాలి తగలనీయదు. ఆ తర్వాత మూసలను కొలిమిలో పేర్చి, బొగ్గులు కప్పి, గేదె తోలు తిత్తులు మొదలుపెడితే ఒక పగలూ ఒక రాత్రీ ఆపడానికి లేదు. ఊదేవాళ్లు మారుతుంటారు, ఊదు మాత్రం ఆగదు. ఆగితే లోపల సగం కరిగింది అక్కడికక్కడే గడ్డకడుతుంది, ఆ పూట శ్రమంతా బూడిద పాలు. కొలిమి చల్లారాక మూస పగలగొడితే లోపల అర కిలోకు పైబడిన బిళ్ల ఒకటి బయటపడుతుంది. దాన్ని వెంటనే సమ్మెటతో కొడితే పగిలిపోతుంది, అంత గట్టిది. అందుకని దానికి మళ్లీ మట్టి పూసి, గంటల తరబడి సన్నటి వేడి మీద ఉంచి, తీసి, మళ్లీ పెట్టి, మూడు నాలుగు సార్లు అట్లా మగ్గనిస్తే గానీ సమ్మెటకు లొంగేది కాదు.

ఇందులో ఎక్కడా కొలబద్ద లేదు. ఎంత ఎర్రదనానికి ఊదు పెంచాలో, ఏ మూస లోపల ద్రవం కదులుతున్నదో కంటితో, చెవితో, చేతితో కనిపెట్టాలి. తండ్రి కొడుకును పక్కన కూచోబెట్టుకుని చూపిస్తే వచ్చే విద్య అది. వాళ్లలో కాగితం మీద పెట్టినవాడు లేడు, పెట్టాల్సిన అవసరమూ వాళ్లకు రాలేదు. చేసే చెయ్యి ఉన్నంతవరకు రాత ఎందుకు?

బిళ్లలు ఎడ్ల మీద, బండ్ల మీద హైదరాబాదు చేరేవి. అక్కడి నుంచి మచిలీపట్నం. ఈశాన్యపు గాలి తిరిగాక ఓడలు తెరచాప ఎత్తి సింహళం చుట్టి, అరేబియా సముద్రం దాటి బందర్ అబ్బాస్‌కు పోయేవి. ఆ రేవును షా అబ్బాస్ పోర్చుగీసుల నుంచి గెలుచుకుని తన పేరు పెట్టుకున్నాడు. 1622లో ఎదుటనే ఉన్న హొర్ముజ్ దీవి కూడా పడిపోయాక గల్ఫ్ వ్యాపారమంతా బందర్ అబ్బాస్ వైపు మళ్లింది. తూర్పు తీరం నుంచి ఇరాన్‌కు వేలకు వేలు ఉక్కు బిళ్లలు ఎత్తినట్టు పదిహేడో శతాబ్దపు వర్తకుల లెక్కల్లో కనిపిస్తుంది. బందర్ అబ్బాస్ నుంచి ఒంటెల మీద ఇస్ఫహాన్. అక్కడ కత్తి పనివాడు బిళ్లను మెల్లగా సాగదీసి, వంచి, పదును పెట్టి, చివర్న ఆమ్లం రుద్దితే అలుగుమీద నీళ్లలా చారలు తేలేవి. అసదుల్లా ఇస్ఫహానీ పేరు చెక్కిన కత్తులు ఈనాటికీ లోకంలోని పెద్ద పెద్ద మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. కత్తి మీద సాగదీసినవాడి పేరే ఉంటుంది. బిళ్ల కరిగించినవాడి పేరు వేసే ఆచారం ఎక్కడా లేదు.

దారి తెగడం ఒక్కరోజులో జరగలేదు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకున్నాడు. అంతటితో ఇరాన్‌తో చుట్టరికం కలుపుకున్న దర్బారు పోయింది, మచిలీపట్నంలో ఇరానీ వర్తకుడికి వెన్నుదన్నుగా నిలిచే సర్కారు లేకుండా పోయింది. 1722లో అఫ్గాన్లు ఇస్ఫహాన్‌ను నెలల తరబడి ముట్టడించి ఆకలితో చంపారు. అఫ్గాన్ల చేతిలో ఇరాన్ సఫవీ రాజ్యం కూలింది. కొనేవాడి ఇల్లు కూలితే అమ్మేవాడి ఇల్లు నిలబడుతుందా? ఇంకో పాతికేళ్లు పైబడ్డాక మచిలీపట్నం ఫ్రెంచివాళ్ల చేతిలోకి, 1759లో ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయింది. కంపెనీ తన పెద్ద కొట్టును ఎప్పుడో మద్రాసుకు మార్చుకుంది కాబట్టి, పాత రేవును నిలబెట్టాలన్న పట్టుదల ఎవరికీ లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఒక్క రాత్రిలో మచిలీపట్నంలో, చుట్టుపట్ల దాదాపు 30 వేల మందిని మింగింది. అప్పటికే ఒట్టిపోయిన రేవుకు అది చివరి దెబ్బ.

ఇదంతా తీరంలో, పరదేశాల్లో జరిగిన కథ. నిర్మల్ మాటేమిటి? నిమ్మనాయుడి పేరు మీద పెరిగిన ఈ పట్నం ఆయుధాల ఊరే. నిజాం కాలంలో ఇక్కడ ఫిరంగులు పోతపోశారు, ఫ్రెంచి పనివాళ్ల చేత కోటలకు బురుజులు కట్టించారు. శ్యామ్‌గఢ్ గోడలు ఇప్పటికీ హైవే పక్కన నిలబడి ఉన్నాయి. కానీ ఫిరంగికి చారల ఉక్కు అక్కర్లేదు. యుద్ధం కత్తి నుంచి తుపాకికి మారుతున్న కొద్దీ కోనసముద్రం బిళ్ల విలువ రాజుల దగ్గర తగ్గుతూ వచ్చింది. సొంత గడ్డ మీద ఫిరంగులు పోస్తున్న పొగలోనే ఆ ఉక్కుకు గడ్డుకాలం మొదలైంది.

అయినా కొలిమి ఆరలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గుండెను పిండేది ఇదే. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వెస్లీ వోయిసీ 1820 ప్రాంతంలో కోనసముద్రం వచ్చాడు. కొలిమి పక్కన కూచుని, మూస మట్టి ఏమిటో, ఇనుము ఎక్కడిదో, తిత్తులు ఎంతసేపు ఊదుతారో ఓపికగా రాసుకున్నాడు. పైన నేను చెప్పిన పాళ్లు, పని తీరు చాలావరకు ఆ రాత పుణ్యమే. ఆయన అక్కడ ఉన్నప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఉక్కు కొనడానికి అదే ఊళ్లో దిగి ఉన్నాడు. అంతకు చాలా ఏళ్ల కింద కూడా వచ్చి కొనుక్కుపోయినవాడే. ఇరాన్‌లో ఈ ఉక్కును చేయాలని ఎంతో ప్రయత్నించారని, కుదరలేదని ఆయనే వోయిసీకి చెప్పాడు.

గోలకొండ పోయి నూటముప్పై ఏళ్లు. సఫవీలు పోయి నూరేళ్లు. రేవులో ఇంగ్లీషు జెండా. అయినా ఒక ఇరానీ ఇంత దూరం పడి వచ్చి, గోదావరి గట్టు దిక్కున ఒక పల్లెలో మకాం వేసుకుని, కొలిమి చల్లారేదాకా కాచుకుని కూచున్నాడు. ఎదుట ఉన్న కమ్మరికి లోకంలో మార్పు ఏం కనిపిస్తుంది? తాత నాటి నుంచి వచ్చిన బేరగాడు మళ్లీ వచ్చాడు. తూకం వేశాడు, డబ్బు లెక్కపెట్టాడు. అంతా మామూలే అనిపించి ఉంటుంది. వెనక దారి గడియ గడియకూ మూసుకుపోతున్నదని చెప్పేవాళ్లు ఎవరున్నారు? వోయిసీ 1824లో కన్నుమూశాడు. ఆయన రాసింది 1832లో కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యింది. అది వెలుగు చూసేనాటికి కోనసముద్రానికి మంచి రోజులు వెళ్లిపోతున్నాయి.

అదే సమయంలో ఈ ఉక్కు రహస్యం కోసం లండన్‌లో తలలు పట్టుకుంటున్నారు. బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ పంపిన వూట్జ్ ముద్దల మీద జార్జ్ పియర్సన్ చేసిన పరీక్షలు 1795లో రాయల్ సొసైటీ పత్రంగా వచ్చాయి. 1819 నుంచి మైకేల్ ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల పనివాడితో కలిసి దాన్ని తయారుచేయాలని చూశాడు. ఫారడే తండ్రి కూడా కమ్మరే. విద్యుత్తుకు దారి చూపిన ఆ మహానుభావుడి తొలి పరిశోధనల్లో ఒకటి మన వంటి ఊళ్ల కొలిమి ముందు కమ్మరి పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చుకున్న పని గురించి. వాళ్లు ఈ ఉక్కును అచ్చంగా చేయలేకపోయినా, ఉక్కులో వేరే లోహాలు కలిపితే ఏమవుతుందన్న కొత్త విద్యకు ఆ ప్రయత్నంలోనే పునాది పడింది.

సీమలో ఉక్కు విద్య కొండంత పెరిగి మన మీదికే వచ్చింది. షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లోనే మూసలో ఉక్కు కరిగించే పద్ధతి పట్టాడు. 1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయాక సీమ ఇనుము బారులుబారులుగా ఓడల్లో దిగింది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చింది. కోనసముద్రంలో ఒక పగలూ ఒక రాత్రీ కష్టపడితే మూసకు ఒక బిళ్ల. బెస్సెమర్ కొలిమిలో అరగంట లోపల టన్నుల ఉక్కు. పోటీ అని పిలవడానికి కూడా ఇక్కడ ఏమీ లేదు. దానికి తోడు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో నిజాం ప్రభుత్వం అడవుల మీద కట్టడి పెట్టింది. బొగ్గు కాల్చుకోవడానికి అడవి లేకపోతే కొలిమికి ఊపిరి ఎక్కడిది? 1900 నాటికి గోదావరి లోయ రైలు నిజామాబాదు మీదుగా వచ్చేసింది. ఒకప్పుడు ఎడ్ల మీద ఉక్కు బయటికి పోయిన ప్రాంతానికి రైలు వ్యాగన్లలో పరాయి ఇనుము వచ్చి చేరింది.

ఎప్పుడో ఒకరోజు చివరి మూస చల్లబడింది. ఆ తేదీ ఏ దఫ్తరులోనూ ఎక్కలేదు. కమ్మర్లు మాయమైపోలేదు. నాగలి కర్రులు, కొడవళ్లు, గడ్డపారలు, బండి చక్రాలకు ఇనుప పట్టాలు, అన్నీ వాళ్లే చేశారు. సంత నుంచి కొనితెచ్చిన ఇనుమును కాల్చి కొట్టే పని మిగిలింది. ఇనుమును పుట్టించే పని పోయింది. ఒక తరం ఆ పని చేయకపోతే తర్వాతి తరానికి అది కథ. ఇంకో తరానికి కథ కూడా ఉండదు. అవతలి కొసన కత్తి పనివాళ్ల గతీ అంతే అయ్యింది. 1998లో అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి, మరొకరు కలిసి అచ్చం అట్లాంటి చారల కత్తులు చేసి చూపించారు. ఆ చారలకు మూలం ఖనిజంలో అతి కొద్దిగా ఉండే వనేడియం వంటి లోహాలని వాళ్లు తేల్చారు. ఆ కొద్దిపాటి లోహం లేని ఇనుము చేతికొస్తే ఎంత నైపుణ్యమున్నా చార పుట్టదు. ఎందుకు పుట్టడం లేదో ఆ కత్తి పనివాడికి తెలియదు. ఓడ రావడం ఆగిపోయింది, కత్తి మీద చార ఆగిపోయింది, అతని చెయ్యి కూడా ఆగిపోయింది.

2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఊరూరా తిరిగి ఇనుము, ఉక్కు కొలిముల జాడలు నమోదు చేశాయి. అంతకుముందే అమెరికా నుంచి థెల్మా లోవ్ వచ్చి కోనసముద్రం మూసల మట్టిని పరీక్షించి రాసింది. మన పరిశోధకుడు జైకిషన్ వంటివాళ్లు ఏళ్ల తరబడి చిట్టెం దిబ్బల వెంట తిరిగారు. వీళ్ల కష్టం వల్లే ఈ మాత్రమైనా మిగిలింది.

నిర్మల్ బొమ్మలకు, నిర్మల్ చిత్రాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. బొమ్మ చేసే చేతులు ఇంకా ఉన్నాయి కాబట్టి దక్కింది. ఉక్కుకు ఆ చేతులు లేవు. ఉన్నవి దిబ్బలు మాత్రమే. పొలంలో ట్రాక్టరు నడిచినప్పుడు, రోడ్డుకు మొరం తోలినప్పుడు పోయేవీ ఆ దిబ్బలే. నల్లగా, గాజులా మెరిసే మూస పెంకు ఒకటి చేతికి తీసుకుని చూడండి. లోపలి గోడ మీద సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది. కరిగిన ఉక్కు ఆ గీత దాకా నిలిచింది. దిమ్మదుర్తిలో, కోనసముద్రంలో ఈ దిబ్బలకు ఇంకా కంచె పడాలి, పక్కన ఒక బోర్డు పడాలి, నిర్మల్ కోటలోనో నిజామాబాదులోనో ఒక గది వీటికి కేటాయించాలి. వచ్చే వానాకాలపు దుక్కి మొదలయ్యేలోగా మొదటి పనైనా కావాలి.